అమ్మ రక్తంలో రెండు కబుర్లు

గర్భం నిలిచిందని చెప్పే హార్మోనే ఒక్కోసారి కణితి జాడ చెబుతుంది. కడుపులో బిడ్డ క్రోమోజోములు చూద్దామని తీసిన రక్తంలో తల్లికే తెలియని క్యాన్సర్ బయటపడుతోంది. ప్రసూతి వార్డునీ క్యాన్సర్ వార్డునీ కలుపుతూ దాదాపు నూరేళ్లుగా సాగుతున్న పరిశోధన ఇది. అందులో ఒక ముఖ్యమైన మలుపు మన భీమవరం బిడ్డ చేతి మీదుగా తిరిగింది.

నెల తప్పిందన్న అనుమానం రాగానే మందుల షాపు నుంచి స్ట్రిప్ తెచ్చుకుంటారు. పొద్దున్నే మొదటి మూత్రం రెండు మూడు చుక్కలు వేస్తే తడి మెల్లగా ముందుకు పాకుతుంది. మూత్రంలో హెచ్‌సీజీ అనే హార్మోన్ ఉంటే, రంగు రేణువులు అంటించిన యాంటీబాడీలు దాన్ని పట్టుకుని వెంట తీసుకెళతాయి. దారికి అడ్డంగా మరో వరస యాంటీబాడీలు కాచుకుని ఉంటాయి. అవి హార్మోన్‌ను అక్కడే ఆపేస్తాయి. రేణువులన్నీ ఒకచోట పోగుపడి గులాబీ గీత తేలుతుంది. దాని పక్కనున్న రెండో గీత, పరీక్ష సరిగ్గా జరిగిందనడానికి గుర్తు. అయిదు నిమిషాల్లో ఇంట్లో పండగ మొదలవుతుంది.

ఇంత సులువైన పరీక్షకు పునాది వేసిన పరిశోధన క్యాన్సర్ రోగుల కోసం జరిగింది. హెచ్‌సీజీలో ఆల్ఫా, బీటా అని రెండు భాగాలుంటాయి. ఆల్ఫా భాగం మెదడు కింది పిట్యూటరీ గ్రంథి విడుదల చేసే ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్, టీఎస్‌హెచ్ అనే హార్మోన్లలోనూ ఉంటుంది. దాంతో పాత పరీక్షలు ఒకదాన్ని చూసి మరొకటి అనుకునేవి. అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో, మాయలో పుట్టే అరుదైన క్యాన్సర్‌తో వచ్చిన మహిళలకు చికిత్స పూర్తయిందో లేదో తేల్చాలంటే ఆ తికమక పోవాలి. జుడిత్ వైటుకైటిస్, గ్లెన్ బ్రాన్‌స్టీన్, గ్రిఫ్ రాస్ 1972లో బీటా భాగాన్ని మాత్రమే పట్టే పరీక్షను ప్రచురించారు. ఇవాళ మన ఊళ్లలో ల్యాబులు చేసే ‘బీటా హెచ్‌సీజీ’ పరీక్షకు మూలం అదే.

బిడ్డ కబురూ కణితి కబురూ ఒకే రక్తంలో వస్తాయి, ఒక్కోసారి ఒకే పదార్థం రూపంలో వస్తాయి. ఆ కబురును సగంలో వదిలేయకుండా చివరిదాకా చదివితే ప్రాణాలు నిలుస్తాయి. గర్భిణికైనా, ఆమె ఇంట్లోవారికైనా, వైద్యం చేసే డాక్టరుకైనా ఈ ఒక్క మాట గట్టిగా చెప్పాలనే ఈ కథనం.

మాయ చేసే పని

1927-28లో బెర్లిన్‌లో సెల్మార్ ఆష్‌హైమ్, బెర్నార్డ్ జోండెక్ అనే ఇద్దరు వైద్యులు గర్భిణి మూత్రాన్ని ఇంకా ఎదగని ఆడ ఎలుకలకు ఇంజెక్షన్‌గా ఇచ్చారు. కొన్ని రోజుల తర్వాత కోసి చూస్తే ఎలుకల అండాశయాలు పెద్దవై, రక్తపు చుక్కలతో కనిపించాయి. నమ్మదగిన తొలి గర్భ నిర్ధారణ పరీక్ష అదే. త్వరలోనే మరో సంగతి బయటపడింది. కడుపులో బిడ్డే లేని కొందరు స్త్రీల మూత్రానికీ ఎలుకలు అలాగే స్పందించాయి. వాళ్లకు మాయకు సంబంధించిన కణితులు ఉన్నాయి. వృషణాల్లో కొన్ని రకాల కణితులున్న మగవాళ్ల మూత్రం కూడా అదే ఫలితం చూపింది. హార్మోన్‌తో కణితిని కనిపెట్టవచ్చన్న ఆలోచన అలా బలపడింది.

గర్భానికీ క్యాన్సర్‌కూ ఈ పోలిక ఎక్కడిది? మాయను కట్టే ట్రోఫోబ్లాస్ట్ కణాల తీరే అందుకు కారణం. పిండం గర్భాశయంలో కుదురుకోవాలంటే ఈ కణాలు గోడలోకి చొచ్చుకుపోవాలి. తల్లి రక్తనాళాల్ని తమవైపు మళ్లించుకోవాలి. సగం తండ్రి జన్యువులున్న ఆ కణజాలాన్ని తల్లి రోగనిరోధక వ్యవస్థ పరాయిదని తిప్పికొట్టకుండా చూసుకోవాలి. గర్భం నిలవడానికి అవసరమైన ప్రొజెస్టిరాన్ తయారీ ఆగకుండా హెచ్‌సీజీని విడుదల చేయాలి. చొచ్చుకుపోవడం, రక్తనాళాల్ని లాక్కోవడం, రోగనిరోధక వ్యవస్థ కన్నుగప్పడం, ఇవన్నీ క్యాన్సర్ కణాలకూ ఉన్న లక్షణాలే. ఆరోగ్యంగా ఉన్న మాయకు హద్దు తెలుసు. నిర్ణీత లోతు దగ్గర ఆగిపోతుంది, కాన్పుతో బయటికి వచ్చేస్తుంది. ఆ హద్దు చెరిగిపోయినప్పుడే కణితి పుడుతుంది.

ముత్యాల గర్భం

అలా హద్దు తప్పే గర్భాల్లో ఎక్కువగా కనిపించేది ముత్యాల గర్భం. పూర్తి ముత్యాల గర్భంలో పిండం ఉండదు. మాయ మొత్తం నీటి బుడగలుగా ఉబ్బి ద్రాక్ష గుత్తిలా తయారవుతుంది. దీనికి మూలం ఫలదీకరణలోనే ఉంది. సాధారణంగా తల్లి క్రోమోజోములు లేని అండంలోకి శుక్రకణం చేరి, తన 23 క్రోమోజోములను తానే రెట్టింపు చేసుకుంటుంది. లెక్కకు 46 సరిపోయినా అన్నీ తండ్రివే. ఈ సంగతిని 1977లో జపాన్ శాస్త్రవేత్తలు కాజీ, ఒహామా బయటపెట్టారు. పాక్షిక ముత్యాల గర్భంలో సాధారణంగా ఒక అండంలో రెండు శుక్రకణాల వాటా చేరి క్రోమోజోములు 69 అవుతాయి.

రక్తస్రావం, విపరీతమైన వేవిళ్లు, నెలలకు మించి పెరిగిన పొట్ట దీని పాత గుర్తులు. ఇప్పుడు తొలి నెలల్లోనే స్కానింగ్ చేస్తున్నారు కాబట్టి చాలామందిలో ఆ దశ రాకముందే తెలిసిపోతోంది. సక్షన్‌తో గర్భాశయాన్ని శుభ్రం చేస్తారు. ‘క్లీనింగ్ అయిపోయింది’ అని ఇంటికి వచ్చేస్తారు. అసలు జాగ్రత్త మొదలుకావాల్సింది అక్కడే. పూర్తి ముత్యాల గర్భం వచ్చినవారిలో నూటికి 15 నుంచి 20 మందిలో ఆ కణాలు గర్భాశయంలో మిగిలిపోయి మళ్లీ పెరుగుతాయి. కొద్దిమందిలో అవి కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌గా మారి ఊపిరితిత్తులకు, మెదడుకు పాకుతాయి. సాధారణ కాన్పు తర్వాతా, గర్భస్రావం తర్వాతా కూడా అరుదుగా ఈ క్యాన్సర్ వస్తుంది.

ఆసియాలో ముత్యాల గర్భాలు ఒకప్పటికన్నా తగ్గుతున్నాయి. దక్షిణ కొరియాలో 1960లలో వెయ్యి కాన్పులకు 4.4గా ఉన్నవి 1990ల నాటికి 1.6కు దిగాయి. ఆహారం మెరుగుపడటం, కాన్పుల సంఖ్య తగ్గడం ఇందుకు కారణాలు కావచ్చని పరిశోధకుల అంచనా.

భీమవరం నుంచి బెథెస్డా దాకా

1950ల మధ్య వరకూ, పాకిన కోరియోకార్సినోమా అంటే మరణమే. గర్భాశయం తీసేసినా చాలామంది ఏడాది తిరక్కుండా చనిపోయేవారు. దాన్ని మార్చిన మందు వెనక యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన ఇద్దరు సోదరులను స్ప్రూ అనే జీర్ణవ్యాధి పొట్టన పెట్టుకుంది. ఆ వ్యాధికి ఫోలిక్ యాసిడ్ లోపంతో సంబంధం ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో, లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు నడిపించిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఆ తర్వాత అదే బృందం ఫోలిక్ యాసిడ్‌ను పోలి ఉండి, దాని పనిని అడ్డుకునే రసాయనాల వైపు తిరిగింది. కణం రెండుగా చీలాలంటే కొత్త డీఎన్ఏ కావాలి. డీఎన్ఏ తయారీకి ఫోలిక్ యాసిడ్ కావాలి. దాన్ని ఆపితే వేగంగా పెరిగే కణాలు ఆగిపోతాయి. ఆ రసాయనాల్లో ఒకటైన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు తాత్కాలికంగానైనా ఊరట ఇవ్వగలిగారు. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్లు.

అదే రసాయనాల కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌ను 1956లో మేరీల్యాండ్‌లోని బెథెస్డాలో ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ కోరియోకార్సినోమా రోగులకు ఇచ్చారు. లీ చైనా నుంచి వచ్చిన యువ వైద్యుడు. స్త్రీ జననాంగాల ఎదుగుదలకు ఫోలిక్ యాసిడ్ ఎంత అవసరమో హెర్ట్జ్ అంతకుముందే జంతువుల్లో చూపించారు. ఊపిరితిత్తుల నిండా కణితులున్న ఒక యువతికి కొన్ని విడతలు మందు ఇచ్చేసరికి ఎక్స్‌రేలో మచ్చలు మాయమయ్యాయి. ఆమె లేచి తిరిగింది. అందరూ గెలిచామనుకున్నారు.

లీ మాత్రం మూత్రంలో హెచ్‌సీజీ చూస్తూనే ఉన్నారు. అది బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. కంటికి కనిపించకపోయినా ఆ హార్మోన్ చేసే కణాలు ఎక్కడో మిగిలి ఉన్నాయని ఆయన వాదన. హార్మోన్ జాడ పూర్తిగా పోయేదాకా మందు కొనసాగించారు. కణితే లేని మనిషికి విషంలాంటి మందు ఇస్తున్నారంటూ పైవారు తప్పుపట్టి, 1957లో ఆయన్ని సంస్థ నుంచి పంపించేశారు. కాలం లీ పక్షానే నిలిచింది. మధ్యలో మందు ఆపినవారికి జబ్బు తిరగబెట్టింది. ఆయన పట్టుబట్టి చివరిదాకా వైద్యం చేసినవారు కోలుకున్నారు. శరీరంలో పాకిన గట్టి కణితిని మందులతోనే నయం చేయడం వైద్య చరిత్రలో అదే మొదలు. 1972లో లాస్కర్ అవార్డు అందుకున్నవారిలో లీ, హెర్ట్జ్ ఇద్దరూ ఉన్నారు.

మన పల్లెల్లో ఆశా కార్యకర్త గర్భిణి చేతిలో పెట్టే ఐరన్ మాత్రలో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. బిడ్డ వెన్నుపాము సరిగ్గా మూసుకోవడానికి తొలి వారాల్లో అది చాలా ముఖ్యం. బిడ్డను కాచే ఆ మందూ, మాయ క్యాన్సర్‌ను అణిచే మందూ సుబ్బారావు నడిపిన పరిశోధన నుంచే రావడం తెలుగువాళ్లందరం తలచుకోవాల్సిన విషయం.

లీ నేర్పిన పాఠమే ఇవాళ్టి వైద్య సూత్రం. ముత్యాల గర్భం తీసేశాక హెచ్‌సీజీ మామూలు స్థాయికి వచ్చేదాకా వారం వారం లేదా రెండు వారాలకోసారి పరీక్షించాలి. ఆ తర్వాతా డాక్టరు చెప్పినన్ని నెలలు చూడాలి. ఈలోపు మళ్లీ గర్భం రాకుండా జాగ్రత్తపడాలి. వస్తే పెరిగిన హెచ్‌సీజీ బిడ్డదో కణితిదో తేల్చడం కష్టం. అంకె తగ్గకుండా నిలిచిపోయినా, పెరిగినా చికిత్స మొదలుపెడతారు. తక్కువ ప్రమాదమున్న దశలో పట్టుకుంటే దాదాపు అందరికీ నయమవుతుంది. తీవ్ర దశలోనూ నూటికి 90 మందికి పైగా బతుకుతారు. ఎక్కువమంది తర్వాత పండంటి బిడ్డల్ని కంటారు. బ్రిటన్‌లో 1973 నుంచి ఇలాంటి ప్రతి కేసునూ నమోదు చేసి, హెచ్‌సీజీ మామూలు స్థాయికి వచ్చేదాకా కేంద్రీయంగా వెంటపడి చూస్తున్నారు. మన దగ్గర రక్తస్రావం ఆగగానే, ఊరు దూరమనో ఖర్చనో పరీక్షలు మానేసే ఆడవాళ్లకు ఆ వెంటపడే వ్యవస్థ ఇంకెంతో అవసరం.

బిడ్డ ప్రొటీన్, కాలేయ కణితి

హెచ్‌సీజీ కథే ఏఎఫ్‌పీకీ ఉంది. ఆల్ఫా ఫీటో ప్రొటీన్ అనే ఈ పదార్థాన్ని పిండం కాలేయం చేస్తుంది. పుట్టాక క్రమంగా తగ్గిపోతుంది. 1963లో సోవియట్ శాస్త్రవేత్త గారీ అబెలెవ్ కాలేయ కణితి ఉన్న ఎలుకల్లో దీన్ని చూశారు. మరుసటేడాది యూరీ టటారినోవ్ మనుషుల్లో కాలేయ క్యాన్సర్ రోగుల రక్తంలో గుర్తించారు. పిండ దశలో ఆగిపోవాల్సిన జన్యువును క్యాన్సర్ కణం తిరిగి నిద్రలేపుతుందని అర్థమైంది. 1972లో స్కాట్లాండ్‌లో బ్రాక్, సట్‌క్లిఫ్ అనే పరిశోధకులు తల, వెన్ను సరిగ్గా మూసుకోని పిండాల ఉమ్మనీటిలో ఏఎఫ్‌పీ బాగా పెరుగుతుందని చూపారు. 1984లో మరో మలుపు. క్రోమోజోముల లోపమున్న బిడ్డను కన్న ఒక తల్లి, తన రక్తంలో ఏఎఫ్‌పీ అంత తక్కువగా ఎందుకుందని అడిగింది. ఆ ప్రశ్నను పట్టించుకున్న అమెరికా వైద్యులు పాత రికార్డులు తిరగేశారు. బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉన్నప్పుడు తల్లిలో ఏఎఫ్‌పీ తగ్గుతుందని తేలింది. తర్వాత హెచ్‌సీజీ పెరుగుతుందనీ కనుగొన్నారు. గర్భిణులకు రాసే ట్రిపుల్, క్వాడ్రుపుల్ పరీక్షలు ఇలా పుట్టాయి.

ఉడికించిన ప్లాస్మా

రక్త ప్లాస్మాలో కణాల బయట తేలే డీఎన్ఏ ఉంటుందని 1948లోనే ఫ్రాన్స్‌లో గుర్తించారు. క్యాన్సర్ రోగుల్లో అది ఎక్కువగా ఉంటుందని 1977లో తెలిసింది. 1996లో కణితి డీఎన్ఏ రోగి ప్లాస్మాలో దొరుకుతుందన్న పరిశోధనలు చదివిన డెన్నిస్ లో అనే హాంకాంగ్ వైద్యుడికి ఒక ఆలోచన తట్టింది. అప్పటికాయన ఆక్స్‌ఫర్డ్‌లో గర్భిణి రక్తంలో బిడ్డ కణాల కోసం ఏళ్ల తరబడి వెతుకుతున్నారు. చిన్న కణితే రక్తంలోకి డీఎన్ఏ వదులుతుంటే, అంతకన్నా పెద్దదైన మాయ ఎందుకు వదలదు? ప్లాస్మా నుంచి డీఎన్ఏ తీసే తేలికైన దారి తెలియక, ఇన్‌స్టంట్ నూడుల్స్ వండినట్టు ప్లాస్మాను కొన్ని నిమిషాలు ఉడికించి, పైకి తేలిన ద్రవాన్ని పరీక్షించారు. 43 మంది గర్భిణుల్లో 30 మంది కడుపున మగబిడ్డలున్నారు. వారిలో 24 మంది ప్లాస్మాలో వై క్రోమోజోము ముక్కలు కనిపించాయి. తల్లికి వై ఉండదు కాబట్టి అవి బిడ్డవే. 1997లో ‘ల్యాన్సెట్’లో ఆ పత్రం వచ్చింది. దాని మీదే కట్టిన ఎన్ఐపీటీ పరీక్ష 2011లో వైద్యంలోకి అడుగుపెట్టింది.

పదో వారం దాటాక తల్లి చేతి నుంచి తీసిన రక్తం ఇందుకు చాలు. ప్లాస్మాలోని డీఎన్ఏ ముక్కల్లో సుమారు పదో వంతు మాయ నుంచి వస్తాయి. లక్షల ముక్కల్ని చదివి, ఏ క్రోమోజోముకు చెందినవి ఎన్నో లెక్కిస్తారు. 21వ క్రోమోజోము వాటా ఉండాల్సిన దానికన్నా కాస్త పెరిగినా డౌన్ సిండ్రోమ్ అనుమానిస్తారు. డౌన్ సిండ్రోమ్ విషయంలో ఇది నూటికి 99 కేసుల్ని పట్టుకుంటుంది. అయినా ఇది నిర్ధారణ పరీక్ష కాదు. చదివేది మాయ డీఎన్ఏను. మాయలో ఉన్న తేడా ఒక్కోసారి బిడ్డలో ఉండదు. అందుకే తేడా వస్తే ఉమ్మనీటి పరీక్షతోనో, మాయ నుంచి తీసే సీవీఎస్ నమూనాతోనో రూఢి చేసుకున్నాకే ఏ నిర్ణయమైనా తీసుకోవాలి.

బిడ్డ బాగుంది, మరి తల్లి?

ప్లాస్మాలో మిగిలిన తొమ్మిది వంతులూ తల్లి డీఎన్ఏ. ఆమెలో ఎక్కడైనా కణితి ఉంటే దాని ముక్కలూ అందులో కలుస్తాయి. 2015లో డయానా బియాంకీ బృందం అమెరికాలో 1,25,426 ఎన్ఐపీటీ నమూనాల్ని విశ్లేషించింది. తేడా వచ్చినవి 3,757. బిడ్డలకు ఆ లోపం లేదని తేలినవాళ్లలో 10 మంది తల్లులకు క్యాన్సర్ ఉంది. ఒకేసారి ఒకటికి మించి క్రోమోజోముల్లో తేడా కనిపించిన 39 మందిలో ఏడుగురు క్యాన్సర్ బాధితులే. క్యాన్సర్ కణాల్లో క్రోమోజోములు చాలాచోట్ల చెల్లాచెదురవుతాయి. ఒక బిడ్డలో అన్ని లోపాలు కలిసి ఉండటం దాదాపు అసాధ్యం. రిపోర్టు చెబుతున్నది తల్లి గురించేనని అప్పుడు అర్థమవుతుంది.

2024 చివర్లో వచ్చిన మరో అధ్యయనం దీన్ని ఇంకా గట్టిగా చెప్పింది. అలాంటి అర్థంకాని ఎన్ఐపీటీ ఫలితాలు వచ్చిన 107 మంది గర్భిణుల్ని, బాలింతల్ని బెథెస్డాలోనే పూర్తిగా పరీక్షిస్తే 52 మందిలో క్యాన్సర్ బయటపడింది. వాటిలో లింఫోమాలే (లింఫ్ గ్రంథుల క్యాన్సర్లే) ఎక్కువ. పలువురికి ఏ లక్షణాలూ లేవు. కొందరు అలసట, నొప్పులు గర్భం వల్లేననుకున్నారు. మామూలు రక్త పరీక్షలకన్నా ఒళ్లంతా తీసే ఎంఆర్ఐ స్కానే కణితిని ఎక్కువగా పట్టింది. మిగతావారిలో గర్భాశయంలోని ఫైబ్రాయిడ్లలాంటి ప్రమాదంలేని కారణాలూ కనిపించాయి. కాబట్టి అలాంటి రిపోర్టు రాగానే గుండె జారిపోవాల్సిన పనిలేదు, దాన్ని పక్కన పడేయనూ కూడదు.

గర్భంతో ఉండగా వెయ్యి మందిలో సుమారు ఒకరికి క్యాన్సర్ బయటపడుతుంది. రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, రక్తానికి సంబంధించినవి ఎక్కువ. పెళ్లీ పిల్లలూ ఆలస్యమవుతున్న కొద్దీ చాలా దేశాల్లో ఈ సంఖ్య పెరుగుతోంది. 2022లో భారత్‌లో 14 లక్షలకు పైగా కొత్త క్యాన్సర్ కేసులు వచ్చినట్టు అంతర్జాతీయ క్యాన్సర్ గణాంకాల వేదిక గ్లోబోకాన్ అంచనా. స్త్రీలలో రొమ్ము క్యాన్సర్‌దే మొదటి స్థానం. 2012-16 నాటి జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదికలో లక్ష మంది స్త్రీలకు 48 కేసులతో రొమ్ము క్యాన్సర్‌లో హైదరాబాద్ దేశంలోనే ముందుంది. గర్భిణికి రొమ్ములో గడ్డ తగిలితే ‘పాలగడ్డలే’ అని కొట్టిపారేయకూడదని చెప్పడానికి ఈ ఒక్క అంకె చాలు.

గర్భిణికి క్యాన్సర్ అని తెలిస్తే బిడ్డను వదులుకోవాల్సిందేనన్న భయం చాలా ఇళ్లలో ఉంది. కానీ నాలుగో నెల నుంచి కొన్ని రకాల కీమోథెరపీ ఇవ్వవచ్చు. బెల్జియం వైద్యుడు ఫ్రెడెరిక్ అమంట్ బృందం, గర్భంతో ఉండగా క్యాన్సర్‌ను ఎదుర్కొన్న తల్లుల పిల్లలు 129 మందిని మామూలు పిల్లలతో పోల్చింది. గుండె పనితీరు, బుద్ధి వికాసం రెండు వర్గాల్లోనూ సమానంగానే ఉన్నాయి. నెలలు నిండకుండా పుట్టడమే కొందరిలో ఎదుగుదలను దెబ్బతీసింది. అందుకే వీలైనంత వరకు నెలలు నిండనివ్వాలని వైద్యులు చూస్తారు.

పరీక్షకు హద్దు

డెన్నిస్ లో చేసిన తొలి ప్రయోగంలో బయటపడింది మగబిడ్డ ఆనవాలు. ఆడపిల్లను కడుపులోనే చంపుకొన్న చరిత్ర ఉన్న మన దేశంలో ఆ సామర్థ్యం ప్రమాదకరం. 1994లో చేసి, 2003లో బిగించిన పీసీపీఎన్‌డీటీ చట్టం ప్రకారం బిడ్డ ఆడో మగో చెప్పడం, అడగడం నేరం. ఎన్ఐపీటీ లాంటి పరీక్షలకూ ఇదే వర్తిస్తుంది. డబ్బు ఆశకు ఈ పరీక్షను దారి మళ్లించేవాళ్లు లోపాలున్న బిడ్డల తల్లిదండ్రులకు దక్కాల్సిన సాయాన్ని కూడా అనుమానాల పాలు చేస్తున్నారు.

డౌన్ సిండ్రోమ్ ఉందని రూఢి అయినా ఏం చేయాలన్నది ఆ దంపతులే తీసుకోవాల్సిన నిర్ణయం. ఆ బిడ్డలు బడికెళతారు, పనులు నేర్చుకుంటారు, ప్రేమను పంచుతారు. ఆ సంగతులు కూడా విడమరిచి చెప్పే జెనెటిక్ కౌన్సెలర్ ఎదురుగా ఉన్నప్పుడే నిర్ణయానికి అర్థం ఉంటుంది. హైదరాబాద్‌లో నిమ్స్ మెడికల్ జెనెటిక్స్ విభాగం, సీడీఎఫ్‌డీ ఇలాంటి కుటుంబాలకు ఆసరాగా ఉన్నాయి. జిల్లాల్లోనూ ఆ సేవ అందాలి.

డాక్టరును ఇవి అడగండి

• గర్భస్రావమై శుభ్రం చేశాక, తీసిన కణజాలాన్ని బయాప్సీకి పంపారా? రిపోర్టు ఎప్పుడొస్తుంది?

• ముత్యాల గర్భమైతే హెచ్‌సీజీ ఎన్నాళ్లకోసారి, ఎప్పటిదాకా చూడాలి? మళ్లీ గర్భానికి ఎన్నాళ్లు ఆగాలి?

• కాన్పు లేదా గర్భస్రావం తర్వాత వారాల తరబడి రక్తస్రావం ఆగకపోతే బీటా హెచ్‌సీజీ చేయించాలా?

• ఎన్ఐపీటీలో తేడా వస్తే ఉమ్మనీటి పరీక్ష ఎప్పుడు? ‘ఫలితం తేలలేదు’ అని వస్తే, లేక ఎక్కువ క్రోమోజోముల్లో తేడా కనిపిస్తే, తల్లికి ఏ పరీక్షలు అవసరం?

అడిగే హక్కు రోగికి ఉంది. చెప్పే బాధ్యత వైద్యులది. ముత్యాల గర్భం వచ్చిన ప్రతి స్త్రీ పేరూ జిల్లా ఆస్పత్రిలో నమోదు కావాలి. పరీక్షకు రాని రోజున ఆమెకు ఫోన్ వెళ్లాలి. ఎన్ఐపీటీ అమ్మే ల్యాబ్, వింత ఫలితం వచ్చినప్పుడు మళ్లీ రక్తం తీసి ఊరుకోకుండా తల్లి ఆరోగ్యం గురించీ హెచ్చరించాలి. కొత్త యంత్రాల కోసం ఎదురుచూడకుండానే ఈ మూడూ రేపే మొదలుపెట్టవచ్చు. ఆనాడు లీ ఉద్యోగం పోగొట్టుకుని నిలబెట్టిన సత్యం ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఉంది. అది మన ఊళ్లలో ఆచరణలోకి రాకపోతే, నయమయ్యే జబ్బుతో తల్లుల్ని పోగొట్టుకున్నవాళ్లమవుతాం.